వదినగారికి పడని గాలి

ఆ ఆదివారం పొద్దున అల్లుడు పెట్టుకున్న పని ఒక్కటే. బాల్కనీలో కుర్చీ వేసుకుని, ఎండలోకి కాళ్ళు చాపుకుని, ఏమీ చేయకుండా కూర్చోవడం. చలి ముదిరి ఇళ్ళన్నిట్లో హీటర్లు వేసుకున్నప్పటినుంచి లోపలి గాలి ఎండిపోయింది. పెదాలు పగులుతున్నాయి, చొక్కా విప్పితే చిటపటలు వినిపిస్తున్నాయి. వాతావరణ కార్యాలయంలో పనిచేసే మనిషికి వారానికి ఒక్క పూటైనా ఆకాశాన్ని ఊరికే చూసే హక్కుంటుందని అతని నమ్మకం. కుర్చీ వేశాడు, కాఫీ కలుపుకున్నాడు, కూర్చోబోయాడు. కాలింగ్ బెల్లు మోగింది.

గుమ్మంలో మామగారు. పొడుగాటి నల్ల పెట్టెను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకుని నిలబడ్డారు. ఆయన వెనక అత్తగారు, రెండు సూట్‌కేసులూ తనే మోసుకుంటూ.

"లోపలికి రండి మామయ్యగారూ. పెట్టె ఇలా ఇవ్వండి," అన్నాడు అల్లుడు.

"ఇస్తాను. ఇవ్వడానికే వచ్చాను," అన్నారు మామగారు. ఇచ్చే సూచనలు మాత్రం కనబడలేదు.

పెట్టెలో ఉన్నది ఎర్రటి ఎలక్ట్రిక్ గిటారు. మామగారు పళ్ళ డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. పొద్దంతా ఊళ్ళోవాళ్ళ పళ్ళు పీకి, సాయంత్రం తలుపు వేసుకుని దీని తీగలు మీటుకునేవారు. పెళ్ళికి ముందే కొన్నది కావడంతో ఆ ఇంట్లో దాని పేరు 'పెద్దమ్మాయి'. తర్వాత పుట్టిన అసలు అమ్మాయి ఒక్కగానొక్క కూతురై ఉండి కూడా రెండోదయిపోయింది. ఆ లెక్కన అల్లుడికి గిటారు వరసకి వదిన. పెళ్ళయిన కొత్తలో అతను సరదాకి 'వదినగారు' అన్నాడు. మామగారు నవ్వలేదు. ఆ మర్యాద సబబేనన్నట్టు తలాడించారు. అదే ఖాయమైపోయింది. అయితే ఇన్నేళ్ళలో వదినగారిని ముట్టుకునే భాగ్యం అతనికి దక్కలేదు. ఒకసారి ధైర్యం చేసి, "నేనోసారి పట్టుకోనా" అని అడిగితే, "ఏదీ నోరు తెరువు, ఆ వెనక పన్ను రంగు మారినట్టుంది," అని మాట మార్చేశారు.

అలాంటి మామగారు ఇవాళ స్వయంగా తెచ్చి చేతుల్లో పెడుతున్నారు. అల్లుడు చేతులు చొక్కాకి తుడుచుకుని ముందుకు చాపాడు.

"మీ అత్తయ్య చెల్లెలి ఊరు వెళ్తున్నాం, వారం రోజులు. సముద్రం పక్కనే ఇల్లు. ఉప్పుగాలికి తీగలు తుప్పు పడతాయి, దీన్ని తీసుకెళ్ళలేను. తాళం వేస్తే మా ఇల్లు మంచుగడ్డయిపోతుంది. నీదా, గాలిలో తేమ కొలిచే ఉద్యోగం. నీకంటే తగినవాడెవడు?" అన్నారు మామగారు. "వచ్చే ఆదివారం పొద్దున దిగుతాం. ఆ సాయంత్రమే గ్రంథాలయం హాల్లో మా పాత బ్యాండు కచేరీ. ఇన్నాళ్ళకి నలుగురం కలుస్తున్నాం. అందుకని జాగ్రత్తగా విను. తేమ నలభై అయిదుకి తగ్గకూడదు, యాభై అయిదు దాటకూడదు. తగ్గితే చెక్క ఎండి ముడుచుకుంటుంది, మెడ మీది ఇనప మెట్ల అంచులు బయటికి పొడుచుకొచ్చి వేళ్ళు కోస్తాయి. పెరిగితే ఉబ్బి మెడ వంగుతుంది. పెట్టెలో అన్నీ అమర్చే తెచ్చాను. హీటరుకి దూరంగా పెట్టు. పెట్టె తెరవకు."

"తెరవను."

"తెరవవు కదా?"

"మామయ్యగారూ, ప్రాణం పెట్టి చూసుకుంటాను."

"ప్రాణం అక్కర్లేదు. తెరవకుండా ఉంటే చాలు."

"ఇన్నేళ్ళ కాపురంలో నేను ఏ గాలిలో ఉన్నానో ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు," అంది అత్తగారు సూట్‌కేసులు మళ్ళీ ఎత్తుకుంటూ.

మెట్లు దిగుతూ మామగారు వెనక్కి తిరిగారు. "అన్నట్టు, కింది అంతస్తు నర్సమ్మగారు మెట్ల మీద కనిపిస్తే చెప్పాను. మా పెద్దమ్మాయిని అల్లుడి దగ్గర దింపి వెళ్తున్నాం, మీరూ ఓ కంట కనిపెట్టండి అని. మంచావిడ, వెంటనే సరేనంది."

నర్సమ్మగారు నిజంగానే మంచావిడ. పెద్దాసుపత్రిలో పనిచేసి రిటైరైనా, ఇప్పటికీ ఎవరు దగ్గినా ఆవిడ చెయ్యి ఆ మనిషి నుదుటి మీదికి వెళ్తుంది. మామగారు ఆ మాట చెప్పినప్పుడు పెట్టె ఆయన చేతుల్లోనే ఉంది. కానీ జీవితమంతా మనుషులనే కనిపెట్టుకున్న నర్సమ్మగారు పెట్టెను లెక్కచేయలేదు. పెద్దమ్మాయి ముందే పైకి వెళ్ళిపోయిందనుకుంది.

అల్లుడు రెండు రోజులు మాట మీద నిలబడ్డాడు. ఇస్త్రీ బల్ల ఉండే వెనక గదిలో, హీటరుకి దూరంగా, మెత్తటి దుప్పటి మీద పెట్టెను ఉంచాడు. మూడో రోజు ఆఫీసు నుంచి అసలైన తేమ కొలిచే పరికరం తెచ్చి గోడకి తగిలించాడు. గదిలో ఇరవై ఎనిమిది చూపించింది. బయట ఇరవై ఎనిమిదైతే పెట్టెలో ఎంతుంటుంది? తెరవకుండా తెలియదు. తెలియకుండా కాపాడడం కుదరదు. తెరవద్దన్నది కాపాడమనే కదా. ఇలా తనతో తనే వాదించుకుని, తనే గెలిచి, పెట్టె తెరిచాడు.

పెట్టెలో మామగారు పెట్టిన చొక్కా గుండీ అంత మీటరు యాభై చూపిస్తోంది. వాతావరణ కార్యాలయం మనిషి గుండీని నమ్ముతాడా? గిటారును ఎత్తి, ఒక కన్ను మూసి, మెడ పొడుగునా చూశాడు. మెడ తిన్నగా లేదు. మధ్యలో వెంట్రుకవాసి వంపు ఉంది.

మామగారి గిటారును మొదటినుంచీ చూసే పనివాడొకాయన ఉన్నాడు. అందరూ తీగలాయన అంటారు. ఆయనా ఆ వారం ఊళ్ళో లేడు. ఇంట్లో ఫోను సరిగా అందదని అల్లుడు మెట్ల మలుపులో నిలబడి ఆయనకు ఫోను చేశాడు.

"అయ్యా, పెద్దమ్మాయి మెడ వంగింది... కొద్దిగానే, కానీ కన్ను పెట్టి చూస్తే తెలుస్తోంది... గాలి మరీ ఎండిపోయిందండీ, పడలేదు... సరే, ముందు తేమ పెంచుతాను... లేదు లేదు, మెడ నేను తిప్పను. మీరొచ్చి తిప్పుదురుగాని... మామయ్యగారికి చెప్పకండి. పెట్టెలోంచి తీయొద్దన్నారు, నేనే మనసాగక తీశాను."

సగం మెట్ల కింద కూరల సంచీతో నర్సమ్మగారు ఆగిపోయింది. మెడ వంగడం తెలుసు. గాలి పడకపోవడం తెలుసు. పెట్టెలోంచి తీయడం ఏమిటో మాత్రం ఆవిడ చదివిన ఏ వైద్యంలోనూ లేదు.

ఆ సాయంత్రం ఆవిడ అల్లుడి భార్య కోసం వీధి గుమ్మం దగ్గర కాపు కాసింది. ఆ అమ్మాయి పిల్లలకు ఈత నేర్పే పంతులమ్మ. ఎప్పుడూ తడి జుట్టుతో, కొలను మందు వాసనతో ఇంటికొస్తుంది.

"మీ అక్కయ్య ఎలా ఉందమ్మా?" అంది నర్సమ్మగారు మెల్లగా.

నాన్న ఈ జోకు కింది అంతస్తుదాకా తెచ్చాడన్నమాట అనుకుంది ఆ అమ్మాయి. "ఎలా ఉంటుంది పిన్నిగారూ, మా నాన్న గారాబం. గదిలో పెట్టి తలుపు మూశారు. ఈయనైతే ఆఫీసు నుంచి రాగానే తిన్నగా ఆవిడ దగ్గరికే. నా మొహం చూడ్డం తర్వాత."

"నీకు బాధగా లేదూ?"

"చిన్నప్పటినుంచీ అలవాటే. నేనెప్పుడూ రెండోదాన్నే." అని నవ్వుకుంటూ పైకి వెళ్ళిపోయింది. ఆ నవ్వు చూసి నర్సమ్మగారికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

పైన అల్లుడు యుద్ధంలో ఉన్నాడు. వంటింట్లోని గిన్నెలన్నీ నీళ్ళతో నింపి గదిలో పెట్టాడు. భార్య ఈత తువ్వాళ్ళన్నీ తడిపి కుర్చీల మీదా, ఇస్త్రీ బల్ల మీదా, కిటికీ గట్టు మీదా ఆరేశాడు. గిటారు పెట్టె మూత బార్లా తెరిచి ఉంచాడు, వదినగారికి కూడా ఆ తేమ తగలాలని. పరికరం ముప్ఫై ఆరు దాకా వచ్చి మొరాయించింది. తడిపింది తడిపినట్టే హీటరు పీల్చేస్తోంది. చివరికి అతను నర్సమ్మగారి తలుపు తట్టాడు.

"పిన్నిగారూ, మీ దగ్గర ఆవిరి పట్టే మిషను ఉందా? వదినగారి గదిలో గాలి బాగా పొడిగా ఉంది."

ఆవిడ మారుమాట లేకుండా ఆసుపత్రిలో వాడే పెద్ద మిషను లోపలినుంచి దొర్లించుకొచ్చింది. దాని తొట్టి బకెట్టంత ఉంది. "బాబూ, నేనొచ్చి ఒక్కసారి చూడనా?"

"వద్దండీ. ఇప్పుడు తలుపు ఊరికే తీస్తే తేమంతా పోతుంది."

"పోనీ ఆవిడ ఏమైనా అంటోందా?"

అల్లుడు చిరునవ్వు నవ్వాడు. ఆవిడ మాటల్లో ఈ వాత్సల్యం అతనికి నచ్చింది. "కరెంటు పెడితేనేగా పిన్నిగారూ అనేది," అన్నాడు.

నర్సమ్మగారు తలుపు వేసుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత లేచి, పై అంతస్తు లాయరుగారి దగ్గరికి వెళ్ళింది. ఆయన ఈ బిల్డింగు సంఘానికి అధ్యక్షుడు కూడా.

లాయరుగారు విన్నదంతా నమ్మే మనిషి కాదు. స్వయంగా విచారించాలనుకున్నారు. మర్నాడు లిఫ్టులో అల్లుడు దొరికాడు.

"మీ ఇంట్లో ఎవరో వచ్చి ఉన్నారట," అన్నారు ఆయన, పైకప్పు వైపు చూస్తూ.

"మా వదినగారండీ. మామగారు ఊరెళ్తూ అప్పగించారు."

"బయట ఎక్కడా కనిపించరేం?"

"బయటి గాలి అసలు పడదండీ. ఆదివారం దాకా నెట్టుకొస్తే చాలు. ఆ సాయంత్రం స్టేజీ ఎక్కాలి. మెడ ఇలా ఉంటే ఎలా ఎక్కుతుందో."

లాయరుగారి అంతస్తు వచ్చింది, తలుపు తెరుచుకుంది, మూసుకుంది. ఆయన దిగలేదు. మళ్ళీ కిందిదాకా వెళ్ళి, అక్కడ కూడా దిగడం మరచిపోయి, మూడోసారికి ఇల్లు చేరారు.

శనివారం సాయంత్రానికి మిషను పుణ్యమా అని పరికరం సరిగ్గా యాభై చూపించింది. అల్లుడికి ఇంత ఆనందం ఉద్యోగం వచ్చినప్పుడు కూడా కలగలేదు. భార్యను పిలిచి చూపించాడు. ఆ అమ్మాయి గుమ్మంలోంచే లోపలికి తొంగిచూసి, "మా కొలనే ఇంతకంటే పొడిగా ఉంది. నా తువ్వాళ్ళు ఎప్పుడిస్తారు?" అంది.

"రేపు. మామయ్యగారు రాగానే."

పడుకునే ముందు అతనికి ఒక గొప్ప ఆలోచన వచ్చింది. ఇంత కష్టపడి చేర్చిన తేమను రాత్రికి రాత్రి మళ్ళీ హీటరు తాగేస్తే? వెళ్ళి ఆ గదిలో హీటరు కట్టేశాడు, తలుపు బిగించి మూశాడు, హాయిగా నిద్రపోయాడు. ఎండబెట్టేది ఆగింది. తడిపేది ఆగలేదు.

తెల్లారి లేచి గది తలుపు తోస్తే రాలేదు. గట్టిగా తోశాడు. భుజం పెట్టి నెట్టాడు. తలుపుచెక్క నీళ్ళు తాగి ఉబ్బి, చట్రంలో బిగుసుకుపోయింది. పిడి పట్టుకుని ఊపితే పిడి చేతికొచ్చింది. లోపల మిషను మాత్రం బుస్సు బుస్సుమంటూ తన పని తాను చేసుకుపోతోంది.

"కరెంటు మెయిను ఆపండి," అంది భార్య.

ఆపాడు. బుసలు ఆగాయి. కానీ వదినగారు లోపలే ఉంది, ఒక రాత్రంతా ఆవిరిలో. మామగారి రైలు ఈపాటికి దగ్గరికి వచ్చేస్తూ ఉంటుంది. అల్లుడు చేతిలో పిడితో మెట్ల మలుపులోకి పరుగెత్తి తీగలాయనకి ఫోను చేశాడు. ఆయన అప్పుడే ఊళ్ళో దిగాడు.

"అయ్యా, పెద్దమ్మాయి లోపలుండిపోయింది. తలుపు రావడం లేదు... రాత్రంతా ఆవిరి... ఏమో, బతికుందో లేదో నాకు తెలీదు. మీరు తొందరగా రండి."

కింద అదంతా విన్న నర్సమ్మగారు ఇక ఆగలేదు, పైకి పరుగెత్తింది. లాయరుగారు అగ్నిమాపక దళానికి ఫోను చేశారు.

ఇంతలో అల్లుడు బాల్కనీ చివర వంగి, చీపురు కర్రతో గది కిటికీ రెక్కను పొడిచి తెరిచాడు. రాత్రంతా లోపల మగ్గిన ఆవిరి ఒక్కసారిగా బయటి చలిలోకి తెల్లగా, దట్టంగా ఎగజిమ్మింది. వీధిలో నిలబడ్డవాళ్ళలో ఎవరో "పొగ, పొగ" అన్నారు. ఎదుటి బిల్డింగు కిటికీలన్నీ తెరుచుకున్నాయి. మలుపు తిరిగి అగ్నిమాపక దళం బండి గంట కొట్టుకుంటూ వచ్చి ఆగింది.

బండిలోంచి దిగిన ఆఫీసరు తీరైన మనిషి. "లోపల ఎంతమంది?" అన్నాడు.

"ఒక స్త్రీ," అన్నారు లాయరుగారు. "వారం రోజులుగా గది దాటి రాలేదు."

"మాట లేదు. మెడకు జబ్బు చేసింది," అంది నర్సమ్మగారు. "దించేటప్పుడు మెడ మీద బరువు పడనివ్వకండి."

అప్పుడే అల్లుడు చెప్పులు లేకుండా మెట్లు దిగి పరుగెత్తుకొచ్చాడు. "అవునండీ, మెడ జాగ్రత్త. కింద చెయ్యేసి అడ్డంగా పట్టుకోండి. నీళ్ళు మాత్రం కొట్టకండి, మీకు పుణ్యముంటుంది. నీళ్ళతోనే ఇంత దాకా వచ్చింది."

నర్సమ్మగారు అతని వైపు మొదటిసారి దయగా చూసింది. ఎంత చేసినా మనసులో ప్రేమ ఉంది అనుకుంది.

నిచ్చెన లేచింది. ఒక కుర్రాడు చకచకా ఎక్కి కిటికీలోంచి లోపలికి దూకాడు. ఆఫీసరు కాగితం తీశాడు. "వయసు?"

"నా భార్యకంటే పెద్దదండీ."

"బరువు సుమారుగా ఎంతుంటుంది? మావాడొక్కడు మోయగలడా?"

"ఓ. నాలుగు కిలోలు."

ఆఫీసరు రాయడం ఆపాడు. లాయరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నర్సమ్మగారు అక్కడే మెట్టు మీద కూలబడింది. పైనుంచి కుర్రాడు తల బయటికి పెట్టి, "సార్, ఇక్కడ మనుషులెవరూ లేరు. బోలెడు గిన్నెలున్నాయి, తువ్వాళ్ళున్నాయి. ఒక గిటారు ఉంది," అన్నాడు.

"ఆవిడేనండీ," అన్నాడు అల్లుడు. "దుప్పటి కప్పి తీసుకురమ్మనండి. బయట చలిగా ఉంది."

సరిగ్గా ఆ సమయానికే మామగారి టాక్సీ వచ్చి ఆగింది.

ముందు దిగింది అత్తగారు. అగ్నిమాపక బండి, నిచ్చెన, గుంపు, నిచ్చెన మీదినుంచి దుప్పటిలో చుట్టి దించుతున్న ఏదో ఆకారం. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. గుంపులోంచి కూతురు ఎదురొచ్చి, "అమ్మా, నేనిక్కడున్నాను. అది నేను కాదు, అక్క," అని చెయ్యి పట్టుకుంది. ఆవిడ కూతురి మొహం రెండు చేతులతో తడిమి చూసుకుని, ఆ తడి జుట్టు మీద ఒక్కటేసింది. తర్వాత అక్కడే నిలబడి కాసేపు ఏడ్చి, కాసేపు నవ్వింది.

మామగారు దుప్పటి విప్పి చూశారు. ఎర్రటి వార్నిషు మీద నీటి చెమట. కన్ను మూసి మెడ పొడుగునా చూశారు. వెనకే ఆటోలో వచ్చి దిగిన తీగలాయనకు అందించారు. ఆయనా కన్ను మూసి చూశాడు, తీగ నొక్కి చూశాడు.

"తీగలు బాగా ఎత్తుకి లేచాయి. చెక్క ఉబ్బింది మరి. పగుళ్ళు లేవు, జిగురు ఊడలేదు, ప్రాణభయం లేదు. మెల్లగా ఆరనివ్వాలి. ఇప్పుడు తొందరపడి మెడలోని మర తిప్పితే ఆరాక ఇంకోలా వంగి కూర్చుంటుంది. సాయంత్రానికైతే కుదరదు," అన్నాడు తీగలాయన. అల్లుడి వైపు తిరిగి, "మొదట నువ్వు చూసింది ఎంత వంపు బాబూ?" అని అడిగాడు.

"వెంట్రుకవాసి."

"అది ఉండాల్సిందే. తీగ ఊగడానికి చోటు కావాలి కదా. అది లేకపోతేనే జబ్బు."

అల్లుడికి భూమి చీలితే బాగుండునని అనిపించింది. ఎవరైనా తిడతారేమోనని చూశాడు. మామగారు మెట్టు మీద నర్సమ్మగారి పక్కనే కూర్చుని, జరిగిందంతా ఆవిడ నోట వింటూ, గిటారును ఒళ్ళో పెట్టుకుని, తన జేబురుమాలుతో తుడుస్తున్నారు.

"పోనీలే నాయనా," అన్నారు తలెత్తకుండా. "నీళ్ళు కొట్టనివ్వలేదు, అంతే చాలు."

నాలుగు తిట్లు తిట్టినా అల్లుడు తట్టుకునేవాడు. ఆ మాటకి మాత్రం అతని కళ్ళు నిండాయి. "ఎవరిదైనా ఇంకో గిటారు అడిగి తెస్తాను మామయ్యగారూ. ఇప్పుడే వెళ్తాను."

"వద్దు. ఈ వయసులో ఈ వేళ్ళు ఇంకోదాని మాట వినవు. మావాళ్ళకి ఫోను చేసి నేను రానని చెప్తాను."

"ఎందుకు రారు?" అంది అత్తగారు. కళ్ళు తుడుచుకోవడం అప్పుడే అయింది. "తీగలు ఎత్తుగా ఉంటే ఏమవుతుంది?"

"వేళ్ళు పరుగెత్తవు. నొక్కడానికి ఒక్కోదానికీ టైము పడుతుంది."

"పరుగెత్తమని మిమ్మల్ని ఎవరడిగారు? మెల్లగా వాయించండి."

మామగారు జీవితంలో ఎప్పుడూ మెల్లగా వాయించలేదు. పన్ను పీకినంత వేగంగా వాయించడమే ఆయన ఘనత. ఆ వేగం మొదలు కాగానే అత్తగారికి తలనొప్పి రావడం, లేచి వంటింట్లోకి వెళ్ళిపోవడం ఆ ఇంటి రివాజు. ఒక్క పాటైనా ఆవిడ చివరిదాకా విన్న దాఖలా లేదు.

సాయంత్రం గ్రంథాలయం హాలు ఎన్నడూ లేనంతగా నిండింది. వారమంతా వదినగారి కోసం బెంగపెట్టుకున్న బిల్డింగు మొత్తం ఆవిణ్ణి చూడ్డానికి వచ్చింది. లాయరుగారు ముందు వరసలో కూర్చున్నారు. నర్సమ్మగారు మొదట అలిగింది, తన జాలి అంతా ఒక చెక్కముక్క పాలైందని. కానీ కూర్చోవడం మాత్రం స్టేజీకి దగ్గరగానే కూర్చుంది. నిచ్చెనెక్కిన కుర్రాడు డ్యూటీ దిగి, ఆవిణ్ణి నేనే దించాను అన్నంత గర్వంగా వెనక నిలబడ్డాడు.

మామగారు మొదటి పాటే తడబడ్డారు. అలవాటు కొద్దీ వేళ్ళు ముందుకు దూకబోయాయి, తీగలు ఒప్పుకోలేదు. ఆయన ఒక్క క్షణం ఆగి, బ్యాండులో మిగతా ముగ్గురి వైపు చూసి తల ఊపారు. డప్పులాయన చేయి నెమ్మదించింది. మామగారు ఒక్కో స్వరాన్ని గట్టిగా నొక్కి, అది మోగి ఆరేదాకా ఆగి, తర్వాతి దాని దగ్గరికి వెళ్ళారు. ఇన్నాళ్ళూ వడగళ్ళలా పడిన పాట మొదటిసారి చినుకు చినుకుగా దిగింది. హాల్లో ఎవరూ దగ్గలేదు. ఎవరైనా దగ్గి ఉంటే నర్సమ్మగారు లేచేది, ఆవిడ కూడా లేవలేదు.

అత్తగారు కదలకుండా కూర్చుంది. పాట అయిపోయి చప్పట్లు కూడా ఆగిపోయాక, స్టేజీ దిగి వస్తున్న ఆయన చెయ్యి పట్టుకుని అడిగింది. "ఇది మన పెళ్ళయిన కొత్తలో, నేను పుట్టింటికి వెళ్ళినప్పుడు మీరు కట్టానన్న పాట కదూ?"

"అదే."

"ఏదో ఒకసారి వినిపించారు, తర్వాత మానేశారు అనుకున్నాను."

"మానేయడమేమిటి? రోజూ సాయంత్రం మొదట వాయించేది అదే."

"రోజూనా?"

"రోజూ."

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. "అంత వేగంగా వాయిస్తే ఎవరికి తెలుస్తుంది?" అని పైటచెంగుతో కళ్ళు ఒత్తుకుంది. అల్లుడు పక్కకి తిరిగి నిలబడ్డాడు. అతని భార్య అతని చేతిలో చెయ్యి వేసింది.

అందరూ హాలు బయటికి వచ్చాక తీగలాయన సంచీ సర్దుకుంటూ, "ఆరాక కబురు చేయండి. వచ్చి మెడ సరిచేసి, తీగలు కిందికి దించుతాను. మళ్ళీ మీ పాత వేగం వచ్చేస్తుంది," అన్నాడు.

"మీరు రావద్దు," అంది అత్తగారు.

"నేను రాకపోయినా చెక్క దానంతట అదే ఆరిపోతుందమ్మా. గాలి పొడిగా ఉంటే మూడు నాలుగు రోజులు. గాలిలో తడి ఉంటే మాత్రం ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటుంది."

అత్తగారు పెట్టెను మామగారి చేతుల్లోంచి తీసుకుని అల్లుడి చేతుల్లో పెట్టింది. "ఇంకో వారం మీ దగ్గరే ఉంచండి. గిన్నెలూ తువ్వాళ్ళూ ఎలా పెట్టారో అలాగే పెట్టండి." మామగారు అభ్యంతరం చెప్పడానికి నోరు తెరిచి, ఆవిడ మొహం చూసి మూసుకున్నారు. ఆవిడ ఆశగా ఆకాశం వైపు చూసింది. "అల్లుడుగారూ, మీకు తెలుసుంటుంది. ఈ నాలుగు రోజుల్లో వానేమైనా పడుతుందా?"

అబద్ధం చెప్పి ఆవిణ్ణి సంతోషపెట్టాలని అల్లుడి ప్రాణం కొట్టుకుంది. కానీ ఉద్యోగధర్మం అడ్డొచ్చింది. "లేదు అత్తయ్యగారూ. నిన్ననే లెక్కలన్నీ వేసి సంతకం పెట్టాను. వారమంతా పొడిగాలే, ఒక్క చుక్క కూడా పడదు," అన్నాడు దిగులుగా.

మర్నాడు తెల్లవారకముందే పట్టిన ముసురు పది రోజులదాకా వదల్లేదు.